దళాలకు పది పేర్లు, మాకు ఒక్కటే

ఖమ్మం జిల్లా మనిషికి ఎర్రజెండాల లెక్క ఒకరు నేర్పక్కర్లేదు. 1964లో పార్టీ రెండుగా ఎందుకు చీలిందో, చండ్ర పుల్లారెడ్డి గ్రూపు ఏదో, పీపుల్స్‌వార్ ఏదో, జనశక్తి ఎటు పోయిందో, న్యూడెమోక్రసీ ఎక్కడ నిలబడిందో, ప్రతిఘటన అంటే ఎవరో ఇల్లందు బస్టాండులో చాయ్ తాగే ముసలాయన కూడా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. ఒక దళం చేసిన పనిని ఇంకో దళం మీద రుద్దితే ఊరుకోడు. "అది వాళ్ల పని కాదు, వీళ్లది" అని అక్కడికక్కడే సరిదిద్దుతాడు. ఏ పత్రికలోనైనా గ్రూపు పేరు తారుమారైతే పొద్దున్నే ఫోన్లు మోగేవి. ఈ ప్రాంతంలో విలేకరులుగా పనిచేసిన మాకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ జాగ్రత్త అంటే మాకు గౌరవం కూడా.

అదే మనిషి దగ్గర ముస్లిం మాట ఎత్తి చూడండి. లెక్కపెట్టిన ఆ వేళ్లన్నీ ముడుచుకుపోతాయి. నిజాం, మజ్లిస్, రజాకార్లు, పటేలు కింద జీతమున్న సాయిబు, గుర్రబ్బండి తోలిన సాయిబు, దూది ఏకిన సాయిబు - అందరూ కలిసి ఒక్కటే ముద్ద. ఆ ముద్దకు పెట్టిన పేరు రజాకార్. బడిలో గొడవైతే మా పిల్లవాడిని అనేది ఆ మాటే. ఎన్నికలొస్తే వేదికల మీద వినిపించేదీ ఆ మాటే. తొంభైలలో దానికి ఐఎస్ఐ అనే మాట తోడైంది. ఆ తర్వాత ఉగ్రవాది అనే మాట తోడైంది. పాత పేరు మాత్రం చెరిగిపోలేదు.

ఇది ఒక్క రజాకార్ల ముచ్చట కాదు. 1989 తర్వాత కాశ్మీర్‌లో తుపాకీ పట్టినవాళ్లలో జేకేఎల్ఎఫ్ ఉంది. అది అడిగింది స్వతంత్ర కాశ్మీర్. హిజ్బుల్ ముజాహిదీన్ ఉంది. జమాతే ఇస్లామీ భావాలతో పాకిస్తాన్‌లో కలవాలన్నది అది. లష్కరే తోయిబా ఉంది. పాకిస్తాన్ కేంద్రంగా నడిచి, సరిహద్దు దాటించి మనుషుల్ని పంపింది. మొదటి సంస్థ వాళ్లను రెండో సంస్థ వాళ్లు చంపిన సందర్భాలున్నాయి. 1994లో జేకేఎల్ఎఫ్ కాల్పుల విరమణ ప్రకటించి తుపాకీ దించింది. వీళ్లలో ఎవరినీ సమర్థించాల్సిన పని మాకు లేదు. మేం అడిగేది చాలా చిన్న విషయం. భద్రాచలం అడవిలో రెండు దళాల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకోగలిగిన తెలుగు పాఠకుడికి కాశ్మీర్ వార్తలో ఈ ముగ్గురూ ఒకే "ముస్లిం తీవ్రవాది"గా ఎందుకు చేరారు? చేర్చింది ఎవరు? శీర్షిక పెట్టినవాడా, చదివినవాడా?

కాశ్మీర్ దూరం. మన గోదావరి ఒడ్డున జరిగిందే చూద్దాం. తెలుగునేల మీద ఇస్లాం పేరు చెప్పుకుని, తుపాకీ పట్టి, సరిహద్దులకు ఇటూ అటూ జరిగిన గొడవ అంటూ ఒకటుంటే అది 1947-48 నాటిదే. దాన్ని తెలుగు రచయితలు, సినిమావాళ్లు, చరిత్రకారులు ఎట్లా చెప్పారన్నదే మా విమర్శ.

ముందు సరిహద్దు సంగతి. 1860 ఒప్పందంలో గోదావరి ఎడమ ఒడ్డును నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. అట్లా భద్రాచలం తెల్లవాళ్ల రాజ్యంలోకి పోయింది. మధ్య పరగణాల్లో కొన్నాళ్లుండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. ఇవతలి ఒడ్డు పాల్వంచ, బూర్గంపహాడ్ నిజాం రాజ్యంలో ఉండిపోయాయి. రాముడి గుడి ఒక దేశంలో, ఆ గుడి కట్టించిన నేలకొండపల్లి గోపన్న తహశీలు చేసిన పాల్వంచ ఇంకో దేశంలో. కుతుబ్‌షాహీ తానీషా పేరు మీద సాగుతున్న ముత్యాల తలంబ్రాల ఆచారం మాత్రం ఏ సరిహద్దునూ లెక్కచెయ్యలేదు. ఆ రోజుల్లో ఈ అడవుల్లో తిరిగిన హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద అచ్చువేసిన పుస్తకం చదివితే తెలుస్తుంది - రెండు ఒడ్లా ఒకటే మనుషులు, ఒకటే పోడు. గోదావరిని దేశాల మధ్య గీతగా చూసింది సర్కార్లే, కోయవాళ్లూ కొండరెడ్లూ కాదు.

కిందికి వస్తే సరిహద్దు ఇంకా చిత్రం. మునగాల పరగణా నిజాం భూమి మధ్యలో ఉన్న మద్రాసు ముక్క. పరిటాల కృష్ణా జిల్లా మధ్యలో ఉన్న నిజాం ముక్క. మధిర దాటితే ఇంగ్లీషు ఇలాకా. డోర్నకల్, ఖమ్మం, మధిర మీదుగా బెజవాడ పోయే రైలు ఒక రాజ్యంలో ఎక్కిస్తే ఇంకో రాజ్యంలో దించేది. మధ్యలో కరోడ్‌గిరి నాకాలు, తనిఖీలు. ఉప్పూ పొగాకూ దాటాలన్నా నాకా, మనిషి దాటాలన్నా నాకా.

ఈ గీతకు అటూ ఇటూ ఎవరెవరున్నారు?

నిజాం ఉన్నాడు. 1947 జూన్‌లోనే తాను ఏ దేశంలోనూ చేరనన్నాడు. ఆయన కోరుకున్నది ఆసఫ్‌జాహీ గద్దె. ఇస్లాం ఆయనకు గద్దె కింద పరిచిన తివాచీ.

మజ్లిసే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఉంది. 1927లో పుట్టింది. బహాదూర్ యార్ జంగ్ నాయకత్వంలో రాజకీయ శక్తిగా పెరిగింది. ఆయన 1944లో చనిపోయాక, 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికొచ్చింది. నిజాం, మజ్లిస్ ఒకటే అనుకోవడం మన పుస్తకాల్లో పాత అలవాటు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఏం జరిగింది? యూనియన్‌తో యథాతథ ఒప్పందం కోసం ఢిల్లీ పోవాల్సిన నిజాం ప్రతినిధుల ఇళ్లను మజ్లిస్ మనుషులే చుట్టుముట్టారు. ప్రధాని ఛత్తారీ నవాబు రాజీనామా చేసి పోయాడు. నవంబర్ 29న ఆ ఒప్పందం కుదిరేనాటికి నిజాం తరఫున మాట్లాడింది వేరే ప్రతినిధులు. కొద్ది రోజులకే రజ్వీకి కావాల్సిన లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో రజ్వీ మీద ఎంత కోపముందో చదివినవాళ్లకు తెలుసు. కోట లోపలే మూడు పార్టీలున్నాయి. బయటినుంచి చూసినవాళ్లకు ఒకే షేర్వానీ కనిపించింది.

ఇక రజాకార్లు. ఆ మాటకు అర్థం స్వచ్ఛందంగా వచ్చినవాడు అని. ఎవరొచ్చారు? పట్నాల్లో పనిలేని ముస్లిం యువకులు వచ్చారు. యూనియన్ వైపు అల్లర్లలో ఇల్లూవాకిలీ పోగొట్టుకుని హైదరాబాద్ చేరిన కాందిశీకులూ చేరారు. అంతవరకు అందరూ రాస్తారు. లాయఖ్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి అని ఎంతమంది రాశారు? విద్యాశాఖ దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు చేతిలో ఉందనీ, ఐక్యరాజ్యసమితికి పోయిన నిజాం ప్రతినిధివర్గంలో శ్యాంసుందర్ ఉన్నాడనీ ఎందరు చెప్పారు? వెంకట్రావు, శ్యాంసుందర్‌ల లెక్క వేరు. ఊరి బావి దగ్గరికి రానివ్వని హిందూ దొరతనం కంటే నిజాం నయమనుకున్నారు. తప్పో ఒప్పో, అది వాళ్ల ఆలోచన. దానికి కారణం ఇస్లాం కాదు, అంటరానితనం. దేశ్‌ముఖుల లెక్క మరీ సూటి. సంఘం వచ్చి భూమి అడుగుతోంది. గడీని కాపాడేందుకు రజాకార్ల తుపాకులు కావాలి. దొరలు రజాకార్లకు ఇళ్లిచ్చారు, తిండిపెట్టారు, ఊళ్లలో సంఘపోళ్ల ఇళ్లు చూపించారు. విసునూరు రామచంద్రారెడ్డి పేరు తెలంగాణలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆయన చేసిన ఘోరాలను దొర చేసిన ఘోరాలుగానే అందరూ చెప్పారు. హిందువు చేసిన ఘోరాలని ఎవరూ అనలేదు. మేమూ అనం. అది ధర్మం కాదు. కానీ ఆ ధర్మం మా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తలుపు దగ్గరే ఆగిపోతుందని మాత్రం అడుగుతాం.

షేక్ బందగీని చంపించింది ఎవరు? కామారెడ్డిగూడెం చిన్నరైతు బందగీ. విసునూరు దొర అండతో తన భూమి కాజెయ్యబోతే కోర్టుకెక్కి ఏళ్ల తరబడి కొట్లాడి గెలిచాడు. గెలిచినందుకు 1940 ప్రాంతంలో దొర గూండాలు ఆయన్ని నరికి చంపారు. నిజాం పోలీసులు ముస్లిం రైతు పక్కన నిలబడ్డారా? నిలబడలేదు. వాళ్లు దొర పక్కనే ఉన్నారు. "అనల్ మాలిక్" అన్నది మజ్లిస్ - ప్రతి ముస్లిమూ ఈ రాజ్యానికి మాలిక్ అని. బందగీ తన నాలుగెకరాలకే మాలిక్ కాలేకపోయాడు. మజ్లిస్ సిద్ధాంతం మీద ఇంతకంటే పెద్ద విమర్శ ఏ మేధావీ రాయలేదు.

అవతలి పక్క చూద్దాం. ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ ఉన్నాయి. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. ఖమ్మం వైపు చిర్రావూరి లక్ష్మీనరసయ్య లాంటివాళ్లు. స్టేట్ కాంగ్రెస్ ఉంది. ఎర్రుపాలెం జమలాపురం కేశవరావు మధిర ప్రాంతంలో ప్రాణం పెట్టి పనిచేశాడు. కాంగ్రెస్‌వాళ్లు సరిహద్దుకు అవతల, యూనియన్ నేల మీద శిబిరాలు పెట్టుకుని, ఇవతల కరోడ్‌గిరి నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేసి మళ్లీ అవతలికి పోయేవాళ్లు. రజాకార్లు సరిహద్దు దాటి కృష్ణా జిల్లా ఊళ్ల మీద పడి తగలబెట్టి వచ్చేవాళ్లు. కమ్యూనిస్టు దళాలకు కూడా బెజవాడ వైపే ఊపిరి. అంటే గీత దాటనివాళ్లు ఎవరూ లేరు. మరి మన పుస్తకాల్లో "సరిహద్దు దాటిన ముష్కరులు" అని ఒక్కరినే ఎందుకన్నారు? రజాకార్ దాటితే ముష్కరుడు, కాంగ్రెస్ మనిషి దాటితే వీరుడు. ఒకడు రాజుకోసం దాటాడు, ఇంకొకడు రాజును దించడానికి దాటాడు - ఆ తేడా ఉంది, కాదనం. ఆ తేడా చెప్పి రాయండి. మతాన్ని తేడాగా చూపించకండి.

నిజమైన సరిహద్దు దాటుడు ఇంకొకటుంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో దించాడు. డబ్బు పుచ్చుకుని చేసిన వ్యాపారం. రజ్వీ మాటల్లో అది జిహాద్, కాటన్‌కు కిరాయి.

1948 మేలో లాయఖ్ అలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. కమ్యూనిస్టులు, రజాకార్లు కలిసిపోయారని కాంగ్రెస్ పత్రికలు గోలపెట్టాయి. ఊళ్లల్లో దళాలు, రజాకార్లు చంపుకోవడం మాత్రం ఆగలేదు. ఆ ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి బురుజు మీద ఫిరంగులు పేల్చి, మనుషుల్ని వరుసపెట్టి కాల్చారు. అది తలుచుకుంటే మాకూ కడుపు రగులుతుంది. సెక్యులర్ మిత్రులు కొందరు మా దగ్గర ఆ పేరెత్తడానికి మొహమాటపడతారు, మమ్మల్ని నొప్పించినట్టవుతుందని. అందులో దాగివున్న అవమానం వాళ్లకు తెలియదు. భైరాన్‌పల్లి పేరెత్తితే రజాకార్ వారసుడికి నొప్పి కలగాలి. మాకెందుకు కలుగుతుందనుకున్నారు?

ఆ నెలలోనే, భైరాన్‌పల్లికి వారం ముందు, హైదరాబాద్ నడివీధిలో షోయబుల్లా ఖాన్‌ను చంపారు. "ఇమ్రోజ్" ఉర్దూ పత్రిక సంపాదకుడు. యూనియన్‌లో చేరడమే మంచిదని ఉర్దూలో రాసిన పాపానికి రజాకార్లు రాత్రిపూట కాపుగాసి, కాల్చి, రాసిన చెయ్యి నరికారు. వయసు ముప్ఫై లోపు. మేం చేసే పనే ఆయనా చేశాడు, మేం రాసే భాషలోనే రాశాడు. రజాకార్లకు వ్యతిరేకంగా రాసి చనిపోయినవాడు ఉర్దూ జర్నలిస్టు అన్న సంగతి ఉర్దూను రజాకార్ల భాష అనే పెద్దమనుషుల నోట ఎప్పుడూ రాదు.

ఇన్ని పార్టీలు, ఇన్ని లెక్కలు. సాహిత్యంలోకి ఎన్ని వచ్చాయి?

న్యాయంగా చెప్పాలంటే మొదటితరం బాగానే చూసింది. సుంకర, వాసిరెడ్డి "మా భూమి" నాటకం 1947లో బందగీ కథ నుంచే ప్రాణం పోసుకుంది. సరిహద్దుకు అవతల ఆంధ్ర ఊళ్లల్లో వేలమంది చూశారు. ముస్లిం రైతు కోసం తెలుగు ప్రేక్షకుడు ఏడ్చిన కాలమది. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి"లో దళితుల మతమార్పిడి వస్తుంది. దాన్ని ఆయన మతం కథగా కాక ఊరి దొరతనం కథగా చూడగలిగాడు. దాశరథి సంగతి మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నిజాం జైల్లో మగ్గి, నిజాం మీద నిప్పులు కక్కిన కవి, తర్వాత కూర్చుని గాలిబ్‌ను తెలుగు చేశాడు. నిజాం వేరు, ఉర్దూ వేరు అని ఒక్క ఉపన్యాసం ఇవ్వకుండా చేసి చూపించాడు. 1979 నాటి "మా భూమి" సినిమాకు ఆధారం క్రిషన్ చందర్ ఉర్దూలో రాసిన "జబ్ ఖేత్ జాగే". తెలంగాణ రైతు కథ ఉర్దూ నుంచి తెలుగు తెరకు వచ్చింది.

అయినా ఆ తరంలోనే ఒక లోటుంది. వాళ్ల రచనల్లో ముస్లిం మంచివాడైతే కామ్రేడ్ అవుతాడు. కామ్రేడ్ అయిన క్షణం నుంచి అతనికి ఇల్లుండదు, నమాజుండదు, అమ్మీ ఉండదు, పీర్ల పండగ ఉండదు. మఖ్దూం మంచిపని చేస్తే కమ్యూనిస్టు చేశాడన్నారు. రజ్వీ చెడ్డపని చేస్తే ముస్లిం చేశాడన్నారు. మా లెక్కలో మఖ్దూం ఏనాడూ జమ కాలేదు, రజ్వీ మాత్రం మొత్తం మా ఖాతాలోనే పడ్డాడు. ఖమ్మం నుంచీ ఆ తర్వాత సుజాతనగర్ నుంచీ పలుసార్లు శాసనసభకు గెలిచిన మహమ్మద్ రజబ్ అలీని చూడండి. ఓట్లేసినవాళ్లలో అత్యధికులు హిందువులు. జిల్లాలో ఎవరిని అడిగినా "కామ్రేడ్ రజబ్ అలీ" అని ప్రేమగా చెప్తారు. మంచిదే. కానీ ఆయన ముస్లిం అని చెప్పాల్సొస్తే గొంతు తగ్గిస్తారు, అదేదో ఆయన వదిలేసిన చెడలవాటైనట్టు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" రాసేదాకా ఈ నొప్పిని తెలుగులో పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు.

ఆ తరంతో మాది ఇంటి తగువు. ఇప్పుడొచ్చినవాళ్లతో తగువు వేరు. 2024 మార్చి 15న, లోక్‌సభ ఎన్నికలకు రెండు నెలల ముందు, "రజాకార్" సినిమా వచ్చింది. పేరు కింద "సైలెంట్ జెనోసైడ్ ఆఫ్ హైదరాబాద్" అని తోక. జాతిని తుడిచిపెట్టడం అని ఆ మాటకర్థం. ఏ జాతిని, ఎవరు? భూమికోసం జరిగిన పోరును మతం మీద జరిగిన హత్యాకాండగా మార్చడానికి ఆ ఒక్క తోక చాలు. అందులో ఐలమ్మ పాత్ర ఉంది. బాగుంది. పాలకుర్తి ఐలమ్మ పండించిన గింజల మీద కన్నేసింది ఎవరు? విసునూరు దొర. చాకలి ఐలమ్మ దొరకు ఎదురు నిలిచిన కథను రజాకార్ అని పేరున్న డబ్బాలో పెట్టి మూతవేస్తే దొర ఎక్కడికి పోయినట్టు? చరిత్రలోనూ అట్లాగే తప్పించుకున్నారు దొరలు. 1948 సెప్టెంబర్ 17 దాకా రూమీ టోపీ, ఆ తర్వాత ఖద్దరు టోపీ. ఇప్పుడు సినిమాలో మళ్లీ తప్పించుకున్నారు.

తెలుగువైపే తప్పుందా? మేం రెండు భాషల్లో చదివేవాళ్లం, రెండు భాషల్నీ అడగాలి. తెలుగులో ఆ సెప్టెంబర్ 17కు నాలుగు పేర్లు - విమోచన, విలీనం, విద్రోహం, పోలీసు చర్య. 2022లో కేంద్రం విమోచన అంటే రాష్ట్రం జాతీయ సమైక్యత అంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఉర్దూలో ఒక్కటే పేరు - సుఖూతె హైదరాబాద్. హైదరాబాద్ పతనం. పతనమైంది ఎవరిది? జాగీర్దారుది పతనమే. దఫ్తర్లో నౌకరీ పోయిన గుమాస్తాకూ పతనమే, అది నిజమైన కష్టం. పాల్వంచ అడవిలో వెట్టి చేసిన సాయిబుకు ఏం పతనమైంది? లాయఖ్ అలీ 1962లో "ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్" అని పుస్తకం రాశాడు. అందులో ఆయన ప్రభుత్వం విషాదం ఉంది. బందగీ విషాదం ఆయనకు కనిపించే ఎత్తులో లేదు. ఉర్దూలో ఆ గడీల లోపలి కుళ్లు చూపించింది జీలానీ బానో. 1976 నాటి "ఐవానె గజల్"లో నవాబుల మేడ కూలుతుంటే దుమ్మే కాదు, లోపల ఆడవాళ్ల మీద జరిగిన దౌర్జన్యమూ బయటపడుతుంది. ఆ నవల చదివాక సుఖూత్ అనే మాట పలకడానికి నోరు కొంచెం తడబడాలి. మన ముషాయిరాల్లో తడబడ్డట్టు లేదు.

మా వాళ్లు చెప్పే ఇంకో సాకు ఉంది. రజాకార్లలో హిందువులూ ఉన్నారు గదా అని. ఉన్నారు, పైన మేమే రాశాం. కానీ దానితో మజ్లిస్ బాధ్యత తీరదు. జెండా మజ్లిస్‌ది, నినాదం మజ్లిస్‌ది. ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న ప్రగల్భాలు రజ్వీవి. ఊరికి నలుగురు ఉన్న పేద ముస్లింలకు నువ్వే రాజువని చెప్పి, చుట్టూ ఉన్న నాలుగు వందలమందితో పగ పెట్టించి, చివరకు వాళ్లను ఆ నాలుగు వందలమంది మధ్యనే ఒంటరిగా వదిలేసిన రాజకీయం అది. నిజాం సెప్టెంబర్ 23న రేడియోలో తప్పంతా రజ్వీ ముఠాదని చేతులు దులుపుకున్నాడు. 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల భరణం తీసుకున్నాడు. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి, బయటికి రాగానే పాకిస్తాన్ పోయి, 1970లో అక్కడే పోయాడు. వాళ్లిద్దరి బాకీ కట్టింది ఎవరు?

సుందర్‌లాల్ కమిటీ చెప్పింది ఎవరు కట్టారో. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ముగ్గురూ 1948 నవంబర్ చివర నుంచి డిసెంబర్ దాకా తొమ్మిది జిల్లాలు తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు ఎంత తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ నాలుగు జిల్లాల్లోనే 18 వేల పైన. ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువుల గురించి కూడా ఆ నివేదిక రాసింది, రజాకార్లు చేసిన దుర్మార్గాన్నీ దాచలేదు. ప్రభుత్వం మాత్రం దాన్నే దాచేసింది. 2013లో గానీ ఢిల్లీ నెహ్రూ మ్యూజియంలో జనం చదవడానికి దొరకలేదు. 65 ఏళ్లు. నిశ్శబ్దం అనే మాటకు అసలు హక్కుదారు ఈ నివేదిక. సినిమావాళ్లు దానిమీది నుంచి ఆ మాటను కూడా ఎత్తుకుపోయారు.

ఈ పేరు మన దగ్గరే కాదు, ఇంకోచోట కూడా తిరిగింది. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో పాక్ సైన్యం పెట్టిన సహాయదళం పేరు రజాకార్. బంగ్లాదేశ్‌లో అది ద్రోహికి మారుపేరైంది. అక్కడ ఆ పేరు పెట్టినవాళ్లూ, పడినవాళ్లూ ఎక్కువమంది ముస్లింలే. కాబట్టి అక్కడ అది మతం తిట్టు కాలేదు, రాజకీయం తిట్టయింది. 2024 జులైలో రిజర్వేషన్ల మీద ఆందోళన చేస్తున్న విద్యార్థులను ప్రధాని హసీనా రజాకార్ల మనవలతో పోల్చితే, ఆ రాత్రే విద్యార్థులు ఆ తిట్టునే నినాదం చేసి ఆమె మీదికి తిప్పికొట్టారు. ఆగస్టు 5న ఆమె దేశం విడిచి పోవాల్సొచ్చింది. ఢాకా కుర్రాళ్లు ఆ మాటను పట్టుకుని విసిరినట్టు ఖమ్మం కుర్రాడు విసరగలడా? విసిరితే మర్నాడు వాడి ఇంటికి ఎవరొస్తారో మాకు తెలుసు, మీకూ తెలుసు.

చివరగా మా జిల్లాకే వస్తాం. 1948లో ఖమ్మం వరంగల్ జిల్లాలో ఉండేది. 1953లో వేరుపడింది, 1959లో భద్రాచలం వచ్చి కలిసింది. సుందర్‌లాల్ నివేదికలో బాగా రక్తం పారిన జిల్లాల వరసలో వరంగల్ లేదు. ఆ నాలుగు జిల్లాల తర్వాత కనీసం 5 వేలమంది పోయారని చెప్పిన ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ వరసలోనూ లేదు. ఎందుకు లేదు? సంఘం బలంగా ఉన్న తెలంగాణ ఊళ్లలో మామూలు ముస్లింల మీద చెయ్యి పడనివ్వలేదని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాసిన పోరాట చరిత్రలో చెప్తాడు. అది పార్టీ నాయకుడి మాటే అయినా, మరాఠ్వాడా లెక్కల పక్కన పెట్టి చూస్తే కొట్టిపారెయ్యలేం. రజాకార్లతో నెలల తరబడి తుపాకులతో కొట్లాడినవాళ్లకే రజాకార్ ఎవరో, సాయిబు ఎవరో బాగా తెలిసింది. తమవాళ్లు ఎవరి తుపాకీకి చచ్చారో వాళ్లు కళ్లతో చూశారు. ఇంటి పక్క సాయిబు ఎటువైపు ఉన్నాడో కూడా చూశారు. పేర్ల లెక్క తప్పకుండా పెట్టుకునే అలవాటు, మేం మొదట చెప్పిన అలవాటు, ఆనాడు ఇక్కడ మనుషుల ప్రాణాలు కాపాడింది.

ఆ తర్వాత మూడేళ్లు అదే అడవిలో యూనియన్ సైన్యం దళాల కోసం గాలించింది. పాల్వంచ, ఇల్లందు, ములుగు అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి సైనిక శిబిరాల పక్కన పెట్టింది. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించేదాకా సాగింది. రజాకార్ల మీద యుద్ధం అయిదు రోజుల్లో అయిపోయింది. రజాకార్లు లేని అడవిలో మూడేళ్లు యుద్ధం ఎందుకు జరిగిందని ఏ సినిమా అడగదు. అడిగితే భూమి మాటెత్తాలి. మహీధర "మృత్యువు నీడల్లో" నుంచి బొల్లిముంత "మృత్యుంజయులు" దాకా తెలంగాణ పోరాటం మీద పేరున్న నవలలు మనకు ఉన్నాయి. సెప్టెంబర్ 17 తర్వాత ఒక్క రాత్రి, మధిర పక్క పల్లెలో నాలుగిళ్ల సాయిబుల వాకిట్లో సంఘపోళ్లు కాపలా కూర్చున్న ఆ ఒక్క రాత్రి మీద ఒక నవల కావాలి. కాపలా ఉన్నవాడి వైపు నుంచీ, తలుపు లోపల పిల్లల నోరుమూసి కూర్చున్న ఆడమనిషి వైపు నుంచీ. రెండోది రాయాల్సినవాళ్లం మేమే.